కట్టుకథ

కోల్‌కతాలో దేవతా విగ్రహాలు చేసే కుమార్తులి సందుల్లో అడుగుపెట్టగానే కనిపించేది దేవతలు కాదు, గడ్డి. రథయాత్ర దాటిన వారంలో బనమాలి సర్కార్ వీధిలోకి వెళ్తే వెదురు బద్దలకు వరిగడ్డి చుట్టి, జనపనార పురితో బిగించిన మొండేలు రెండు వైపులా గోడలకు ఆనించి ఉంటాయి. తలలుండవు, వేళ్ళుండవు. ఏది లక్ష్మో ఏది సరస్వతో చెప్పలేం. సింహాన్ని మాత్రం నడుము వంపు చూసి పోల్చుకోవచ్చు. ఆ రోజు ఒక పెద్దాయన నేలమీద చతికిలపడి, పురి ఒక కొస పళ్ళ మధ్య పట్టుకుని, రెండో కొస కాలి బొటనవేలి కింద తొక్కిపెట్టి, ఒక చేతికి గడ్డి చుడుతున్నాడు. పది చేతుల్లో అది ఎన్నోదో మరి. ఏం చేస్తున్నారు దాదా, అని నా వచ్చీరాని బెంగాలీలో అడిగాను. పురి నోట్లోంచి తీసి ఒకే మాటన్నాడు, ‘బాంధ్‌ఛి’ అని.

కడుతున్నాను.

ఆ మాట నన్ను పట్టి ఆపింది. సరిగ్గా ఆ వారమే హైదరాబాదు నుంచి ఒక స్నేహితురాలు ఫోను చేసింది. ఆమె అనువాదాలు చేస్తుంది. ఇంగ్లీషు పుస్తకంలో ‘మిథోపియా’ అన్న మాట తగిలిందట, పురాణగాథలను పుట్టించడం అని అర్థం. ‘పురాణ కల్పన’ అంటే పొడిపొడిగా ఉంది, ‘పురాణ సృష్టి’ అంటే బ్రహ్మదేవుడి పనిలా ఉంది, ఇంకేమైనా ఉందా చెప్పు అంది. నాకు తోచింది కట్టుకథ ఒక్కటే. కానీ అది తిట్టు కదా అనుకుని నోరు మూసుకున్నాను.

తిట్టు ఎందుకైందో కుమార్తులి నుంచి తిరిగొస్తూ దారంతా ఆలోచించాను. తెలుగులో మనం ఇల్లు కడతాం, గుడి కడతాం, చెరువుకు కట్ట కడతాం, తాళి కడతాం. పాట కడతాం, పాటకు బాణీ కడతాం. ఇవన్నీ గౌరవమైన పనులే, నిలబడే పనులే. కథ దగ్గరికొచ్చేసరికి మాత్రం కట్టడం అబద్ధమాడటం అయిపోయింది. పుక్కిటి పురాణం గతీ అంతే. పుక్కిలి అంటే నోరే కదా. నోట పుట్టి నోటినుంచి నోటికి వచ్చిన పురాణాన్ని, నోట వచ్చిందన్న ఒక్క కారణానికి తీసిపారేశాం.

గ్రీకుల దగ్గరా ఇదే జరిగింది. వాళ్ళ ‘మిథోస్’కు హోమరు నాటికి మాట, పలుకు, నోరారా చెప్పిన సంగతి అని అర్థం. తర్వాతి కాలంలో తత్వవేత్తల వాదాల మధ్య నలిగి అది కల్లబొల్లి కథ అన్న అర్థానికి దిగింది. మన చెవికి ‘మిథ్’ అనగానే మిథ్య గుర్తొస్తుంది. ఆ రెండు మాటలకూ చెవిలోనే చుట్టరికం, పుట్టుకలో లేదు. మిథోస్‌కు అసలైన తోబుట్టువు మన పుక్కిటి పురాణమే అంటాను.

‘మిథోపియా’ అన్న మాటను ఈ కాలపు పాఠకులకు దగ్గర చేసింది ఇంగ్లీషు రచయిత టోల్కీన్. 1931 సెప్టెంబరు 19 రాత్రి ఆక్స్‌ఫర్డ్‌లో ఒక చెట్లదారిలో ఆయనా, సి.ఎస్. లూయిస్, మరో మిత్రుడూ నడుస్తూ మాట్లాడుకున్నారు. పురాణాలు ఎంత అందమైనవైనా అబద్ధాలే అన్నది లూయిస్ వాదం. దానికి జవాబుగా టోల్కీన్ ఒక పద్యం రాసి, దానికి ‘మిథోపియా’ అని పేరుపెట్టాడు. కథలను ప్రేమించేవాడు కథలను ద్వేషించేవాడికి రాస్తున్నట్టుగా ఉంటుంది. ఆయన పోయిన పదిహేనేళ్ళకు, 1988లో, అది అచ్చులోకి వచ్చింది. మాట ఆయన పుట్టించింది కాదు, అంతకు ముందు శతాబ్దపు పండితులు వాడిందే. కానీ వాళ్ళు దాన్ని ఆదిమ మానవుడి అమాయకత్వానికి పేరుగా వాడారు. టోల్కీన్ దాన్ని మనిషి హక్కుగా చెప్పాడు.

ఆ మాటలో రెండో సగం నాకు ఇంకా ఇష్టం. ‘పోయిఏన్’ అంటే చేయడం. కవికి గ్రీకులు పెట్టిన పేరు అందులోంచి వచ్చిందే, చేసేవాడు అని. ప్రాచీన గ్రీకు కుండల మీద, కూజాల మీద చేసినవాళ్ళ సంతకాలుంటాయి. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దపు ఎక్సేకియాస్ కుండల మీద ‘ఎపోయిఏసెన్’ అని కనిపిస్తుంది. ఎక్సేకియాస్ చేశాడు అని. కుండ చేయడానికీ కావ్యం చేయడానికీ వాళ్ళకు క్రియ ఒక్కటే.

కుమార్తులి అంటే కుమ్మరివాడ. మనకైతే ఈ చుట్టరికం కొత్తది కాదు. రామాయణం చెప్పిన మొల్లను కుమ్మరి మొల్ల అనే పిలుచుకున్నాం. తిక్కన భారతం చెబుతుంటే రాసుకున్నవాడు కుమ్మరి గురునాథుడని చెప్పుకుంటాం. ఒకచోట పద్యం ముందుకు సాగక తిక్కన, ఏమని చెప్పేదయ్యా గురునాథా అని నిట్టూర్చాడట. గురునాథుడు అదీ రాసేశాడట. తీరా చూస్తే, సంధి విడదీసేసరికి ‘గురునాథా’ కాస్తా ‘కురునాథా’ అయి, ధృతరాష్ట్రుణ్ణి పిలిచినట్టు పద్యంలో అతికినట్టు సరిపోయిందట. ఇది జరిగిందా లేదా అని నేనెప్పుడూ అడగలేదు. మహాభారతం తెలుగులోకి వస్తున్నప్పుడు ఆ గంటం ఒక కుమ్మరి చేతిలో ఉండాలని మనవాళ్ళకు అనిపించింది. ఆ కోరిక నిజం.

ఈ మాటల వంశవృక్షం గీయడానికి మనకు దారి దొరికింది కూడా ఈ ఊళ్ళోనే. 1784లో విలియం జోన్స్ ఇక్కడ ఏషియాటిక్ సొసైటీ పెట్టాడు. గ్రీసు, ఇటలీ, భారతదేశాల దేవతలను పోలుస్తూ వ్యాసం రాశాడు. 1786 ఫిబ్రవరిలో ఆ సొసైటీలో ఉపన్యసిస్తూ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలన్నాడు. 1794లో ఇక్కడే పోయాడు. సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానంలో నాచుపట్టిన సమాధుల మధ్య ఆయన స్తంభం అందరికంటే ఎత్తుగా ఉంటుంది. ఆయన వేసిన దారినే నడిచిన భాషావేత్తలు, గ్రీకు ‘పోయిఏన్’కూ సంస్కృత ‘చినోతి’కీ ధాతువు ఒక్కటేనని తేల్చారు. చినోతి అంటే పోగుచేయడం, వరసలు వరసలుగా పేర్చడం. చయనం, సంచయం అందులోంచి వచ్చాయి. యజ్ఞవేదికి ఇటుకలు పేర్చడం అగ్నిచయనం. కట్టెలు పేర్చింది చితి.

పేర్చడం అన్న మాట చదవగానే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాది తెలంగాణ. మా ఊళ్ళో బతుకమ్మ చేశారా అని అడగరు, పేర్చారా అని అడుగుతారు. శిబ్బిలో గుమ్మడాకులు పరిచి, తంగేడు పూలు గుండ్రంగా వరసపెట్టి, మధ్యలో తుంచిన ఆకులు కూరి, ఆపైన గునుగు, దానిమీద బంతి, కట్లపూలు, చామంతి, పైకి పోతున్న కొద్దీ వలయం చిన్నదవుతూ. శిఖరాన తమలపాకులో పసుపు ముద్ద. ఆ ముద్దను మా నాయనమ్మ మూడు వేళ్ళతో నొక్కేది. అంతే, గౌరమ్మ. ముక్కూ మొహం ఉండవు. ఆ మూడు వేళ్ళ అచ్చే ఆమె రూపం. మిథోపియా అంటే మాటను పేర్చడమని గ్రీకు పండితులు చెప్పాల్సి వచ్చింది కానీ, మా నాయనమ్మకు ఆ పని ముందే వచ్చు.

ఇంకో విషయం ఈ ఊరికొచ్చాకే తెలిసింది. మా పెత్రమాస నాడు, అంటే పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్య నాడు, ఎంగిలిపూల బతుకమ్మతో పండగ మొదలవుతుంది. ఇక్కడ అదే రోజు మహాలయ. పొద్దున్నే ఘాట్ల దగ్గర పితృదేవతలకు తర్పణాలు వదులుతారు. కుమార్తులిలో అదే రోజు అమ్మవారికి కళ్ళు దిద్దాలని ఆచారం. నాలుగు గంటలకే ప్రతి ఇంట్లో రేడియో మోగుతుంది. బాణీ కుమార్ రచన, పంకజ్ మల్లిక్ సంగీతం, బీరేంద్రకృష్ణ భద్ర గొంతు. 1930ల మొదట్లో పుట్టిన కార్యక్రమం అది. బ్రాహ్మణుడు కానివాడు చండీ చదవడమేమిటని మొదట్లో కొందరు అభ్యంతరం చెప్పారట. 1976లో ఆయన్ని పక్కనపెట్టి, ఉత్తమ్ కుమార్ అంతటి నటుడి గొంతుతో కొత్త కార్యక్రమం వేస్తే ఊరు ఊరంతా మండిపడింది. మళ్ళీ పాత గొంతే తెచ్చారు. ఆ కార్యక్రమం పుట్టి పట్టుమని యాభై ఏళ్ళు కాలేదు, అప్పటికే అది శాస్త్రమైపోయింది. పక్కింటి బౌది, అంటే వదిన, ఆ వేళకు తలస్నానం చేసి, చీర మార్చుకుని రేడియో ముందు కూర్చుంటుంది.

ఆ రేడియోలో వినిపించే దుర్గ మనకు తెలిసిన దుర్గే. మార్కండేయ పురాణంలోని 700 శ్లోకాల దేవీమాహాత్మ్యంలో దేవతలందరి తేజస్సూ ఒక్కటై పుట్టిన యోధురాలు, బెజవాడ ఇంద్రకీలాద్రి మీద మనం దండం పెట్టుకునే తల్లి. కానీ బెంగాలీ బొమ్మను చూడండి. మహిషుడి గుండెలో బల్లెం దిగుతూ ఉంటుంది, ఆ పక్కనే లక్ష్మి, సరస్వతి, కార్తికేయుడు, గణేశుడు నిలబడి ఉంటారు. యుద్ధానికి పిల్లల్ని వెంటేసుకుని ఎవరు వెళ్తారు? ఆమె వచ్చింది యుద్ధానికి కాదు, పుట్టింటికి. ఏడాదికోసారి కైలాసం నుంచి పిల్లల్ని తీసుకుని నాలుగు రోజులు అమ్మ మేనక దగ్గర ఉండటానికి వచ్చిన ఉమ.

ఈ కథను బెంగాల్ కట్టుకుంది. ఎందుకు కట్టుకుందో ‘గౌరీదాన్’ అన్న మాటలో ఉంది. ఎనిమిదేళ్ళ పిల్లను గౌరి అనేవారు, ఆ వయసులో పెళ్ళిచేసి పంపడాన్ని గౌరీదానం అని పుణ్యకార్యంగా చెప్పుకునేవారు. నిద్దట్లో పక్క తడిపే వయసు పిల్లను పడవెక్కించి, నదులు దాటించి అత్తవారింటికి పంపిన తల్లులు ఎంతమందో. ఆ తల్లుల గొంతే 18వ శతాబ్దంలో రామప్రసాద్ సేన్, ఆ తర్వాత కమలాకాంత భట్టాచార్య కట్టిన ఆగమనీ పాటల్లో మేనక గొంతైంది. అల్లుడు శివుడు బూడిద పూసుకు తిరుగుతాడు, ఇంట్లో గింజలుండవు, నా బిడ్డ ఎలా ఉందో వెళ్ళి తీసుకురమ్మని మేనక హిమవంతుణ్ణి పోరుతుంది. తన మొగుడితో ఆ మాట అనలేని ఆడది, మేనక చేత హిమవంతుడితో అనిపించింది. ఇది అబద్ధమని నేనెలా అనను? జగన్మాత ఎనిమిదేళ్ళ పిల్ల కావడం కంటే పెద్ద నిజం ఆ ఇళ్ళలో ఏముంది?

దశమి నాడు కొన్ని ఇళ్ళలో అమ్మవారికి చద్దన్నం పెడతారు, పాంతా భాత్. ఏం తిన్నావని మొగుడు అడిగితే, పేద పుట్టిల్లు, చద్దన్నమే పెట్టారని చెబుతుందట. మా సద్దుల బతుకమ్మ గుర్తొచ్చి ఆ మాట విన్న రోజు అన్నం మెతుకు గొంతు దిగలేదు. ఇంకా ఉంది. ఉమ బయల్దేరిందని శివుడికి ముందుగా చెప్పడానికి జమీందారుల ఇళ్ళలో నీలకంఠ పిట్టను ఎగరేసేవారు. వన్యప్రాణి చట్టం వచ్చాక అది ఆగింది. నీలకంఠ అంటే మన పాలపిట్టే. దసరా నాడు దాన్ని చూస్తే మంచిదని మా నాయన జమ్మిచెట్టు దారిలో మమ్మల్ని భుజాలమీద ఎత్తుకుని వెతికించేవాడు. పిట్ట ఒకటే, పండగ ఒకటే, అక్కడ పాండవుల కథ చెప్పుకుంటాం, ఇక్కడ శివుడి కథ.

కట్టిన కథలన్నీ ఒక్కలాంటివి అనను. అమ్మవారి మట్టిలో వేశ్యావాటిక గుమ్మం ముందు మట్టి కొంచెం కలపాలని ఇక్కడ ఆచారం. దానికి ఎన్నో అందమైన వ్యాఖ్యానాలున్నాయి. ఇక్కడి వేశ్యావాటిక సోనాగాచీ కుమార్తులికి నడిచివెళ్ళేంత దూరంలోనే ఉంది. మా గుమ్మం మట్టి కావాలి గానీ మేం మీ పందిట్లోకి అక్కర్లేదా అని అక్కడి స్త్రీలు మట్టి ఇవ్వడానికి నిరాకరించిన సందర్భాలూ ఉన్నాయి. నా మనసు వాళ్ళవైపే. కథ కట్టేవాళ్ళు గడ్డి ఎవరి పొలంలోంచి తెచ్చారో మరిచిపోకూడదు.

1905లో బెంగాల్‌ను రెండు ముక్కలు చేసినప్పుడు, ఈ ఊళ్ళోనే అబనీంద్రనాథ్ టాగోర్ ఒక నీటిరంగుల బొమ్మ వేశాడు. కాషాయ వస్త్రం, నాలుగు చేతులు, వాటిలో పుస్తకం, వరి వెన్నులు, తెల్లని బట్ట, జపమాల. మొదట బంగమాత అనుకున్నాడు, తర్వాత భారతమాత అయింది. ఆయుధం ఒక్కటీ లేదు. చదువు, తిండి, బట్ట, దీక్ష. ఒక మనిషి తన గదిలో కూర్చుని కుంచెతో చేసిన తల్లి అంతమందికి నిజంగా తల్లి అయింది. మనమూ తెలుగుతల్లిని చేసుకున్నాం, తెలంగాణ తల్లిని చేసుకున్నాం. 2024 డిసెంబరులో సచివాలయంలో కొత్త తెలంగాణ తల్లి విగ్రహం పెట్టినప్పుడు చేతిలో బతుకమ్మ లేదని ఒకరు, వరి, జొన్న, సజ్జ, మొక్కజొన్న కంకులున్నాయని ఒకరు వాదించుకున్నారు. కొందరికి విసుగనిపించిందేమో. నాకు మాత్రం, తల్లి చేతిలో ఏముండాలో జనం పోట్లాడుకుంటున్నంత కాలం ఆ తల్లి బతికున్నట్టే అనిపించింది. నేనైతే బతుకమ్మ ఉండాలనే అంటాను.

పురాణం అన్న మాటను నిరుక్తకారుడు యాస్కుడు పాతదై ఉండి కొత్తదయ్యేది అని విడదీశాడు. దాన్ని కళ్ళారా చూడాలంటే నిమజ్జనం అయిన మర్నాడు గంగ ఒడ్డుకు వెళ్ళాలి. మట్టి కరిగిపోయి, గడ్డి వేలాడుతున్న చట్రాలను నీళ్ళలోంచి లాగి తెచ్చేవాళ్ళుంటారు. కఠామో అంటారు దాన్ని. కడిగి ఆరబెడితే మళ్ళీ పనికొస్తుంది. దానికి కొత్త గడ్డి, గడ్డి మీద ఊక కలిపిన జిగట మట్టి, అది ఆరి పగుళ్ళిచ్చాక మెత్తటి మట్టి, కీళ్ళ దగ్గర తడిపిన గుడ్డపీలికలు, అచ్చులో తీసిన మొహం, విడిగా చేసి అతికిన వేళ్ళు, సుద్ద పూత, చింతగింజల జిగురు కలిపిన రంగు. ఒక్కొక్కటీ ఆరేదాకా ఆగాలి. భాద్రపదం వానల్లో అయితే దీపపు మంట పెట్టి ఆరబెడతారు.

2020లో ఆ చట్రంలోకి వచ్చిన కొత్తదనాన్ని ఈ ఊరు మరిచిపోదు. కోవిడ్ లాక్‌డౌన్‌లో వలసకూలీలు పిల్లల్ని చంకనేసుకుని వందల మైళ్ళు నడిచిన సంవత్సరం అది. మన మేడ్చల్ రోడ్డు మీద కూడా నడిచారు, మీరూ చూసే ఉంటారు. ఆ ఏడు బెహాలాలోని బరిషా క్లబ్ పందిట్లో శిల్పి పల్లబ్ భౌమిక్ చేసిన దుర్గ ఒక వలసకూలీ తల్లి. చంకలో ఒంటిమీద బట్టలేని పిల్లవాడు, పక్కన ఆడపిల్లలు, సాయం కోసం నడిచిపోతూ. ఆ పిల్లవాడే కార్తికేయుడు. పురాణంలో ఎక్కడుందని ఎవరూ అడగలేదు. గౌరీదానం నాటి ఎనిమిదేళ్ళ పిల్లను ఉమగా చేసుకున్న జనానికి అది అడగాల్సిన ప్రశ్నలా అనిపించలేదేమో.

స్నేహితురాలికి ఫోను చేసి చెప్పాను. కట్టుకథ అనే రాయి, ఎవరైనా తప్పుపడితే బనమాలి సర్కార్ వీధికి పంపించు అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి ‘కథ కట్టడం’ అని రాస్తానంది. అదీ బాగుంది.

పోయిన ఏడు ఇక్కడే బతుకమ్మ పేర్చాను. తంగేడు దొరకలేదు. హౌరా వంతెన కింద మల్లిక్ ఘాట్ పూల బజారుకు తెల్లవారుజామున వెళ్ళి బంతి, చామంతి దండలు తెచ్చి, దారం తెంపి, పువ్వు పువ్వు విడదీసి పేర్చాను. పైన మూడు వేళ్ళతో నొక్కిన గౌరమ్మ. సద్దుల నాడు, ఇక్కడ అష్టమి రద్దీలో, సాయంత్రం బాగ్‌బజార్ ఘాట్‌కు తీసుకెళ్ళాలనుకుంటే ఒంటరిగా ఎందుకని బౌది వెంట వచ్చింది. ఎవరమ్మా ఈమె అని దారిలో అడిగింది. గౌరమ్మ, పుట్టింటికి వచ్చింది, పంపిస్తున్నాం అన్నాను. ‘ఓ మా, ఉమా!’ అని రిక్షాలోనే శిబ్బికి దండం పెట్టింది.

మెట్ల మీద నీళ్ళు మోకాలిదాకా వచ్చాక, కొంచెం ఆగు అంది. కొంగున కట్టుకొచ్చిన సందేశ్ మిఠాయి విప్పి చిన్న ముక్క తుంచి పసుపు ముద్దకు ఆనించింది. తమలపాకుతో మెల్లగా, రెండు వైపులా, చెంపలు తుడిచినట్టు తుడిచింది. దశమి నాడు ఇక్కడి ముత్తైదువలు దుర్గ చెవిలో వచ్చే ఏడు మళ్ళీ రా తల్లీ అని చెబుతారు. ఆ మాట చెప్పడానికి వంగింది. పసుపు ముద్దకు చెవి ఎటుంటుందో తెలియక ఒక్క క్షణం నావైపు చూసింది. నాకూ తెలియదు. ముందు ఎడమ వైపు చెప్పింది, తర్వాత కుడి వైపు కూడా చెప్పింది.